కొవల్చుక్ గారి రెండో రాక

మొదటి రోజు పొద్దున రస్సెల్ కొవల్చుక్ వేసుకున్న పథకం చాలా సాదాది. ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని ఫలహారాల హాలుకి వెళ్ళాలి. గుమ్మంలో ఎవరో ఒకరు తనని గుర్తుపట్టి, "మళ్ళీ వచ్చారా, సంతోషం" అనాలి. తనేమో అదంత విశేషం కానట్టు తలూపాలి. ఆ తర్వాత పోయినేడు ఒడ్డున కూర్చున్న ఆకుల గొడుగు కిందికే వెళ్ళి, సముద్రాన్ని చూస్తూ వారం రోజులు కదలకుండా పడుకోవాలి.

ఇందులో అత్యాశ ఉందని అతను అనుకోలేదు. పోయిన ఫిబ్రవరిలో ఇదే ప్లాయా కనేలా రిసార్టు నుంచి బయల్దేరుతుంటే, అప్పటి మేనేజరు స్వయంగా బస్సు దాకా వచ్చి అతని చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, "మీరిక అతిథులు కాదు, మా ఇంటి మనుషులు" అన్నాడు. అదే మాట వెనక నిలబడ్డవాళ్ళతో కూడా అన్నాడు గానీ, అప్పటికే రస్సెల్ బస్సెక్కేశాడు. చలిదేశంలోని సడ్బరీ ఊళ్ళో అతనిది ఇళ్ళలో హీటర్లు బాగుచేసే పని. ఆ ఏడాదంతా ఎవరింటి నేలమాళిగలో గొట్టాల కింద పడుకున్నా, పైనున్న ఇంటివాళ్ళకి వినపడేలా, "కరీబియన్‌లో మావాళ్ళున్నారు లెండి" అని చెబుతూ వచ్చాడు.

గుమ్మంలో ఉన్న అమ్మాయి అతని ముఖం చూడలేదు. రాగానే కౌంటరులో మణికట్టుకి కట్టిన నీలం పట్టీ చూసింది.

"నీలం పట్టీలవాళ్ళు కుడివైపు, సెన్యోర్. సముద్రం పక్క వరండా బంగారు పట్టీలవాళ్ళకి."

"బంగారు పట్టీలంటే?"

"ఇదివరకు ఇక్కడికొచ్చి వెళ్ళినవాళ్ళకి కడతామండి. మళ్ళీ వచ్చిన అతిథులన్నమాట."

"మేమూ మళ్ళీ వచ్చినవాళ్ళమే."

"అందరూ అదే అంటారు సెన్యోర్," అంది ఆ అమ్మాయి, నవ్వు చెరగనీయకుండా.

వాళ్ళకి దొరికిన బల్ల గిన్నెలు కడిగే గది తలుపు పక్కన ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆవిరి వచ్చి రస్సెల్ మెడకి తగులుతోంది. అక్కణ్ణించి చూస్తే వరండాలో బంగారు పట్టీలవాళ్ళు తెల్లగుడ్డలు పరిచిన బల్లల ముందు, సముద్రం తమ సొంతమైనట్టు కూర్చుని కనిపిస్తున్నారు.

"విన్నావా డార్లీన్? అందరూ అదే అంటారట. నేను అబద్ధాలాడే మనిషిలా ఉన్నానా?"

అతని భార్య డార్లీన్ బొప్పాయి ముక్క మీద నిమ్మకాయ పిండుకుంటోంది. "లిస్బన్‌లో అయితే ఎవరూ గుర్తుపట్టకపోయినా బాధుండేది కాదు," అంది.

డార్లీన్ కోపానికి కారణం ఉంది. ఆ ఏడు వాళ్ళ పెళ్ళై ఇరవై ఏళ్ళు నిండాయి. ఈసారి లిస్బన్ వెళదామని ఆమె ఎండాకాలం నుంచీ అంటూనే ఉంది. బస్సులో వస్తూ పోతూ ఫోన్‌లో పోర్చుగీసు పాఠాలు కూడా విన్నది. "టికెట్లు కొనేశాను, ఎక్కడికో మాత్రం చెప్పను" అని రస్సెల్ అన్నప్పుడు అతన్ని కావలించుకుంది. రాళ్ళు పరిచిన వీధుల్లో నడవడానికని గట్టి బూట్లు కొనుక్కుంది. తీరా టొరంటో విమానాశ్రయంలో లైనులో నిలబడ్డాక ముందున్నాయన స్నానపు చెడ్డీలో ఉండటం చూసి, ఇది లిస్బన్ లైను కాదని గ్రహించింది. అప్పట్నుంచి మొగుడితో అవసరమైనంత వరకే మాట్లాడుతోంది.

"అడగకుండా తెచ్చావు, ఇప్పుడు వాళ్ళు అడగలేదని ఏడుస్తావేం?" అంది డార్లీన్ తల్లి ఆలివ్. ఆవిడ అల్లుడితో అవసరం లేనివి కూడా మాట్లాడుతుంది. పదహారేళ్ళ కూతురు టెస్సా తనకీ ఈ కుటుంబానికీ ఏ సంబంధమూ లేనట్టు ఫోన్ చూసుకుంటోంది.

రస్సెల్ రుమాలు బల్లమీద పడేసి లేచాడు. "ఇది పట్టీ గురించి కాదు. న్యాయం గురించి," అని కౌంటరు దగ్గరికి నడిచాడు.

కౌంటరు దగ్గర యులిస్సా అనే కొత్త ఉద్యోగిని ఉంది. రస్సెల్ తన పేరు చెప్పి, పోయినేడు వచ్చిన సంగతి చెప్పి, మేనేజరు చెయ్యి ఎలా పట్టుకున్నాడో పట్టుకుని మరీ చూపించాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని కంప్యూటరులో వెతికింది. ముఖం మారిపోయింది.

"అయ్యో, క్షమించండి సెన్యోర్. కొవల్చిక్ గారు. మీరు మాకు ఎంత పాత అతిథులు. మీకు నీలం పట్టీ ఎవరు కట్టారో నాకు తెలీదు."

"చిక్ కాదు, చుక్. పోయినేడూ ఇలాగే తప్పు రాశారు."

"సరిచేయిస్తాను. పైగా మీ పెళ్ళిరోజు కోసం ఇక్కడ..." ఆమె చప్పున నోటిమీద చెయ్యి వేసుకుంది. "అది మీకు చెప్పకూడదట. మిమ్మల్ని ఆశ్చర్యపరచాలట."

రస్సెల్ గుండె ఉప్పొంగింది. తన పెళ్ళిరోజు సడ్బరీలో అన్నదమ్ములకే గుర్తులేదు. ఇక్కడివాళ్ళు గుర్తుపెట్టుకున్నారు. ఇంటి మనుషులన్న మాట ఊరికే అనలేదన్నమాట. అయినా కోపం వెంటనే దించుకోవడం మర్యాద కాదని, "ఇదేదో నిన్నే చేసుంటే బాగుండేది," అని గంభీరంగా అన్నాడు. యులిస్సా కత్తెర తీసి నీలం పట్టీ కత్తిరించి, బంగారు పట్టీ కట్టింది. ఇంట్లోవాళ్ళందరికీ కూడా ఇచ్చింది.

అక్కణ్ణించి మర్యాదలు వాటంతటవే రావడం మొదలెట్టాయి. తోటవైపు గదిలోంచి సముద్రం ఒడ్డున ఉన్న విడి బంగళాలోకి మార్చమని యులిస్సా ఫోన్‌లో పురమాయించింది. సామాన్లు మోసే ఇద్దరు వెళ్ళి పెట్టెలు, బీరువాలో బట్టలు, కుర్చీమీది బట్టలు, బాత్‌రూమ్ తలుపుకి తగిలించిన బట్టలు అన్నీ తీసుకెళ్ళిపోయారు. ఫలహారం ముగించి ముందే గదికొచ్చిన ఆలివ్ ఆ తలుపు వెనక స్నానం చేస్తోందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఆవిడ బయటికొచ్చేసరికి గదిలో మంచాలు తప్ప ఏమీ లేవు. కౌంటరుకి ఫోన్ చేసి దొంగలు పడ్డారంది. ఏం పోయాయని అడిగితే "నేను తప్ప అన్నీ" అంది. కాపలావాళ్ళు పరుగున వచ్చారు. సంగతి తెలిసి, ఆవిడ చేతికి బంగారు పట్టీ కట్టి, రిసార్టువారి తెల్ల అంగీలో, బ్యాటరీ బండిమీద కూర్చోబెట్టి, తోటమధ్యగా బంగళాకి తీసుకెళ్ళారు. దారిపొడుగునా పనివాళ్ళు బంగారు పట్టీ చూసి వంగి దణ్ణాలు పెట్టారు. ఈతకొలను దగ్గరున్న జనం ఎవరో గొప్పావిడ అనుకుని చప్పట్లు కొట్టారు.

"డెబ్భై ఏళ్ళొచ్చాక నన్నిలా ఊరేగించావు," అంది ఆలివ్ అల్లుణ్ణి చూడగానే. "నీకు పట్టీ కావాలని నా లంగా పోగొట్టావు."

"ఆలివ్, అది గౌరవం. మీకు దణ్ణాలు పెట్టారు కదా."

"బట్టలున్నప్పుడు పెట్టమను."

బంగళాలో మంచంమీద ఎర్ర పూలరేకులతో '40' అని పేర్చి ఉంది. బల్లమీద కేకు. దానిమీదా అదే అంకె. డార్లీన్ నడుంమీద చేతులు వేసుకుని చూసింది.

"మనకి ఇరవై కదా?"

రస్సెల్‌కి ఒక్క క్షణం పట్టింది. "నీవి ఇరవై, నావి ఇరవై," అన్నాడు. "ఇక్కడి లెక్క అలా ఉంటుందేమో."

"అయ్యుంటుంది. నాకైతే నలభై లాగే ఉంది," అంది డార్లీన్.

ఆ మాట అతనికి గుచ్చుకుంది. ఆవిడ కోసం ఇంత పోరాడి, ఇంత గౌరవం సంపాదించి పెడితే, దక్కిన ఫలితం ఇదా? ఒకరిమీద కోపం చల్లారాలంటే మరొకరి మీద తీర్చుకోవడం అతనికి అలవాటు. అందుకని నేరుగా సముద్రపు ఒడ్డుకి, తన ఆకుల గొడుగు దగ్గరికి వెళ్ళాడు. దాని కింద ఒక ముసలి జంట కూర్చుని చీట్లాడుకుంటోంది. ఇద్దరి చేతులకీ నీలం పట్టీలు.

"ఇది నా గొడుగండీ," అన్నాడు రస్సెల్, బంగారు పట్టీ ఎండలో మెరిసేలా చెయ్యి పెట్టి.

పెద్దాయన పట్టీని చూశాడు. తర్వాత రస్సెల్‌ని చూశాడు. "మీ పేరు?"

"కొవల్చుక్. సడ్బరీ. కౌంటరులో కనుక్కోండి, కావాలంటే."

ముసలి దంపతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆవిడ ముక్కలన్నీ గబగబా పోగుచేసింది. పెద్దాయన లేచి, రస్సెల్ చెయ్యి ఊపి ఊపి వదిలి, "గొడుగు మీదే. అన్నీ మీవే. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి," అని భార్యని దాదాపు లాక్కుంటూ వెళ్ళిపోయాడు. అంత సులువుగా గెలవడం రస్సెల్‌కి నచ్చలేదు. ఇంకా నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి, వృథా అయిపోయాయి.

సాయంత్రం ఎండ తగ్గుతుండగా, కాలిన ముక్కుమీద తెల్లటి క్రీము రాసుకుని డార్లీన్, ఆమెకి రెండు కుర్చీల దూరంలో రస్సెల్ పడుకుని ఉన్నారు. దూరం నుంచి గిటార్ల మోత వినిపించింది. ముగ్గురు వాయిద్యగాళ్ళు, పూలగుత్తి పట్టుకున్న ఒకావిడ, ఫొటోలు తీసేవాడు, వాళ్ళ వెనక రెండు డజన్లమంది అతిథులు వాళ్ళవైపే వచ్చి ఆగారు. పూలావిడ డార్లీన్ చేతిలో గుత్తి పెట్టి, ఆమె చెయ్యి తీసుకెళ్ళి రస్సెల్ చేతిలో పెట్టింది.

"ఇదేంటి?" అంది డార్లీన్ పళ్ళ బిగువున.

"నువ్వు పెట్టించావేమో అనుకున్నా."

"నేనా? నేను నీతో మాట్లాడ్డమే లేదు."

ఇసకలో తెల్ల పరదాలు కట్టిన పందిరి, దాని కింద ఒక పాస్టరు కనిపించేసరికి ఇద్దరికీ సంగతి అర్థమైంది. పెళ్ళినాటి ప్రమాణాలు మళ్ళీ చెప్పించబోతున్నారు. కుర్చీల మొదటి వరసలో ఆలివ్‌నీ టెస్సానీ అప్పటికే కూర్చోబెట్టి ఉంచారు, చుట్టూ జనం కళ్ళొత్తుకుంటున్నారు. అందరిముందూ కాదనడం ఎలాగో తెలీక ఇద్దరూ నడిచారు. ఇదంతా రస్సెల్ పనే అని డార్లీన్‌కి నమ్మకం కుదిరిపోయింది. "దీనికి కూడా నన్ను అడగలేదు," అంది, పూలగుత్తి చాటునుంచి.

పాస్టరు చేతులు చాపాడు. "దోన్ రేమండ్," అని అక్కడి మర్యాద ప్రకారం మొదలుపెట్టాడు.

"రస్సెల్," అన్నాడు రస్సెల్, పొద్దుటి నుంచీ అలవాటైన విసుగుతో.

"అవునవును, దోన్ రేమండ్. ఇన్నేళ్ళుగా మీరు ప్రాణంగా చూసుకున్న మీ బెర్నీస్‌ని..."

గిటార్లు మెత్తగా మోగుతున్నాయి. డార్లీన్ గుత్తి దించింది.

"బెర్నీస్ ఎవరు?"

"నాకెలా తెలుస్తుంది?"

"పాస్టరుకి తెలుసు. నీకు తెలీదా?"

"నాకు ముందే అనుమానం," అంది ఆలివ్ మొదటి వరసలోంచి లేచి. "మళ్ళీ మళ్ళీ ఇక్కడికే ఎందుకు వస్తున్నాడా అనుకున్నా."

జనం కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. టెస్సా ఆ రోజులో మొదటిసారి ఫోన్ లోపల పెట్టి తల్లిదండ్రులను చూసింది. పాస్టరుకి వాళ్ళ భాష అంతంత మాత్రం. అది ఉద్వేగమనుకుని, కాస్త ఆగి, డార్లీన్‌వైపు తిరిగి, "ఈయన్ని మళ్ళీ మీ భర్తగా స్వీకరిస్తారా?" అని అడిగాడు.

అలలు వచ్చి వెళ్ళాయి. ఒక గిటారు ఆగిపోయింది.

"ఆలోచించాలి," అంది డార్లీన్.

రస్సెల్ ముఖంలో రక్తం లేదు. "డార్లీన్, ఒట్టు. నాకు ఏ బెర్నీసూ తెలీదు."

"బెర్నీస్ సంగతి తర్వాత. ఈ పాస్టరు ఎవరో నాకు తెలీదు గానీ, 'మళ్ళీ' అన్నాడు చూడు, ఆ మాట అడిగాడు నన్ను. ఇరవై ఏళ్ళలో నువ్వు అడిగావా? మళ్ళీ అదే ఇల్లు, మళ్ళీ అదే కారు, మళ్ళీ ఇదే సముద్రం. నీకు బాగుంటే నాకు బాగున్నట్టే అనుకుంటావు. నాకో నోరుందనీ, దానితో ఒక మాట చెబుతానేమోననీ ఎప్పుడైనా తోచిందా?"

పొద్దుటి నుంచీ రస్సెల్ లోకాన్ని నిలదీస్తూ తిరిగాడు. ఇప్పుడు జవాబు చెప్పాల్సినవాడు తనే అయ్యాడు. ఇసకలోకి చూస్తూ, "మా ఊళ్ళో హీటరు పాడైతేనే నేను గుర్తొస్తాను. తలుపు తీసి, నా ముఖమైనా చూడకుండా కిందికి చూపిస్తారు. ఇక్కడ ఒకాయన నా చెయ్యి పట్టుకుని మాట్లాడాడు. దానికోసం వచ్చాను. నీకు చెబితే నవ్వుతావనుకున్నాను," అన్నాడు.

"నవ్వేదాన్ని కాదు. కోప్పడేదాన్ని."

"అదీ భయమే."

డార్లీన్ పెదవి కొరుక్కుంది. ఆమె గొంతులో కాస్త మెత్తదనం వచ్చింది గానీ, వదిలిపెట్టదలుచుకోలేదు. "సరే. మరి బెర్నీస్?"

"నేనేనమ్మా," అన్నట్టు వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది.

అది గొడుగు కిందినుంచి వెళ్ళిపోయిన ముసలావిడ. పక్కనున్న పెద్దాయన ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు గానీ, అప్పటికే డార్లీన్ చూసింది. ఆవిడ పెదవులమీద వేలు పెట్టుకుని, రెండు చేతులూ జోడించింది. డార్లీన్ ఆవిడ నీలం పట్టీని, మొగుడి బంగారు పట్టీని, పందిరికి కట్టిన '40' అనే అంకెను ఒకదాని తర్వాత ఒకటి చూసింది. పొద్దుటి నుంచీ జరిగిందంతా ఆమెకి ఒక్కసారిగా తెలిసిపోయింది. గట్టిగా నవ్వొచ్చింది. పూలగుత్తిలో ముఖం దాచుకుంది. జనం ఆమె ఏడుస్తోందనుకుని వాళ్ళూ ఏడ్చారు.

"వచ్చే ఏడు ఎక్కడికి వెళ్ళాలో నేను చెబుతాను," అంది తలెత్తి.

"నువ్వే చెప్పు."

"సిమ్," అంది డార్లీన్ పాస్టరుతో. పోర్చుగీసులో అవునని చెప్పడం పాఠాల్లో మొట్టమొదట నేర్పారు. పాస్టరుకి అదెలాగోలా అర్థమైంది. గిటార్లు మళ్ళీ మొదలయ్యాయి.

కేకు కోస్తుండగా ఈ ఏడు కొత్తగా వచ్చిన మేనేజరు సెన్యోరా పెగెరో ఎత్తుమడమల చెప్పులు చేతిలో పట్టుకుని ఇసకలో పరుగెత్తుకొచ్చింది. కౌంటరులో ఎవరో రెండు పేర్లు పక్కపక్కన పెట్టి చూశారట. కొవల్చుక్ ఒకరు, కొవల్చిక్ ఒకరు. కొవల్చిక్ గారి పిల్లలు ముచ్చటపడి అమ్మానాన్నల కోసం పెట్టించిన వేడుక ఎవరికో జరిగిపోయిందేమోనని అనుమానం.

"పొరపాటు జరిగుంటే మాదే బాధ్యత," అంది ఆవిడ రొప్పుతూ. "రేపు మొదటి నుంచీ మళ్ళీ చేయిస్తాం. పందిరి, పాస్టరు, జనం, అన్నీ. అసలు రేమండ్ గారు ఎవరు?"

పెద్దాయన ముఖం పాలిపోయింది. బెర్నీస్ గబగబా డార్లీన్ చెవిలో చెప్పింది. పెళ్ళినాడు ఆయన ప్రమాణం చెబుతూ చెబుతూ ఏడ్చి, ఊపిరందక కిందపడిపోతే, మిగతా సగం బెంచీమీద పడుకోబెట్టి చెప్పించారట. పిల్లలు ఈ వేడుక పెట్టించారని మనవరాలు నోరుజారినప్పట్నుంచీ ఆయనకి నిద్ర లేదట. పొద్దున్న పొరపాటున నీలం పట్టీలు కట్టి, దండెంమీది బట్టలు తప్ప ఏమీ కనపడని తోటవైపు గది ఇచ్చేసరికి, దేవుడు మొర విన్నాడనుకున్నారట. పందిరి కింద జరిగేది చూడాలని వెనక వరసలో కూర్చోకుండా ఉంటే సరిపోయేదట.

"రేమండా? నేను కాదు," అన్నాడు రేమండ్. "ఆయనే."

అందరూ రస్సెల్‌వైపు తిరిగారు. ఇలాంటి సందర్భం కోసమే అతను పుట్టాడని చెప్పొచ్చు. తన పేరేమిటో, అందులో ఏ అక్షరం తర్వాత ఏది వస్తుందో, దాన్ని తప్పు రాసినవాళ్ళకి ఏమి చెప్పాలో అతనికి క్షుణ్ణంగా తెలుసు. నోరు తెరిచాడు. పెద్దావిడ అతన్నే చూస్తోంది. ఆ చెయ్యి లేవకపోయుంటే ఈపాటికి తన సంసారం ఏమయ్యేదో అతనికి తెలుసు. డార్లీన్ అతని వేళ్ళు నొక్కింది.

"నేనే," అన్నాడు. "రేమండ్‌ని. చిక్."

సెన్యోరా పెగెరో గుండెమీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంది. అప్పట్నుంచి ఆవిడే దగ్గరుండి చూసుకోవడం మొదలెట్టింది. మర్నాడు పొద్దున కొవల్చుక్ కుటుంబాన్ని తనే వరండాలోకి తీసుకెళ్ళి, సముద్రం ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చోబెట్టి, పక్కనే నిలబడి, "దోన్ రేమండ్‌కి కాఫీ" అని కేకేసింది.

కాఫీ తెచ్చినావిడ పేరు మిరేయా. సెలవుమీద ఊరెళ్ళి ఆ పొద్దునే పనిలోకి వచ్చింది. రస్సెల్‌ని చూస్తూనే కాఫీ పాత్ర బల్లమీద పెట్టేసి, అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"దోన్ రస్సెల్, మీరేనా? సడ్బరీ నుంచి. పోయినేడు మా వంటింట్లో పొయ్యి ఆరిపోతే భోజనం మానేసి వచ్చి, మోచేతులదాకా మసి చేసుకుని బాగుచేశారు కదా. మా అమ్మకి కూడా చెప్పాను మీ గురించి. ఇంట్లో రోజూ మిమ్మల్నే తలుచుకుంటాం."

సెన్యోరా పెగెరో కనుబొమలు పైకి లేచాయి. డార్లీన్ కప్పులోకి తల వంచేసింది. రస్సెల్ చాలాసేపు మిరేయా ముఖంలోకి చూశాడు. తర్వాత మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు.

"మీరు నన్ను చూసి ఎవరో అనుకుంటున్నారమ్మా," అన్నాడు. "ఆ రస్సెల్ ఎవరో గానీ, వింటే మంచివాడిలాగే ఉన్నాడు."